బడి కుడితి చెప్పే లెక్క

మా అమ్మ మా ఊరి బడిలో 20 ఏళ్లు వంట చేసింది. ఆ 20 ఏళ్లలో సాయంత్రం ఇంటికొచ్చి ఈ రోజు ఏం వండానో, ఎంత వండానో చెప్పిన రోజు నాకు గుర్తులేదు. చెప్పేదల్లా ఒకటే, ఈ రోజు కుడితి ఎంత పడిందో. తక్కువ పడిన రోజు మోకాళ్ల నొప్పుల మాట కూడా ఎత్తేది కాదు. ఎక్కువ పడిన రోజు తనూ సరిగా తినేది కాదు, పొద్దుపోయేదాకా అదే ఆలోచన.

కుడితి అంటే తెలియని వాళ్లు కూడా ఇది చదువుతుండొచ్చు కాబట్టి చెప్తున్నా. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కంచాల్లో మిగిలిన అన్నం, పప్పు, కూర అన్నీ కలిపి గేదెలకు పెడతాం, అదే కుడితి. మా బడిలో కుళాయి పక్కన సగానికి కోసిన నీలం డ్రమ్ము ఒకటి ఉండేది. పిల్లలు తిన్నాక మిగిలింది అందులో పారబోసి కంచం కడుక్కుని వెళ్లేవాళ్లు. సాయంత్రం పక్కింటి గేదెల ఆయన వచ్చి బకెట్లతో తోడుకుపోయేవాడు. ఆయన వచ్చేలోపు అమ్మ ఒక కర్ర తీసుకుని డ్రమ్ములో అడుగునుంచి ఒకసారి తిప్పి చూసేది. అన్నం ఎక్కువుందా, పప్పు ఎక్కువుందా, వంకాయ ముక్కలు తేలుతున్నాయా, గుడ్డు పచ్చసొన తేలుతోందా. "మెనూ కాయితం చూసి ఏం తెలుసుద్ది అమ్మాయ్, కుడితి చూస్తే తెలిసిపోద్ది ఎవురు తిన్నారో ఎవురు తినలేదో" అనేది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. నేను ఒంగోలులో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నా. మొన్న ఒకావిడ ఇద్దరు ఆడపిల్లల్ని రక్త పరీక్షకు తీసుకొచ్చింది, ఇద్దరూ ప్రభుత్వ బడిలోనే చదువుతున్నారు. ఇద్దరికీ హిమోగ్లోబిన్ తొమ్మిది కూడా లేదు. ఆ వయసు పిల్లలకు పదకొండున్నరకు తగ్గకూడదు, పన్నెండేళ్లు నిండితే పన్నెండు ఉండాలి. రిపోర్టు చేతిలో పెడితే ఆవిడ నన్నే అడిగింది, "బడిలో వారానికి ఐదు గుడ్లు పెడుతున్నారు కదమ్మా, చిక్కీ ఇస్తున్నారు, ఇంకా రక్తం ఎందుకు లేదు వీళ్లకి?" అని. ఆవిడ ఎవరినీ తప్పుపట్టడానికి అనలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నాలుగు ముక్కలు చెప్పి పంపించా గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంటికెళ్లి అమ్మకు చెప్తే వెంటనే అంది, "వాళ్ల బడి కుడితి చూడాల."

అమ్మ మాట సరదా మాట కాదు. దాని వెనక ఉన్న లెక్క ఏంటో చెప్తా.

ప్రభుత్వ లెక్క ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లకు మధ్యాహ్న భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ అందాలి. అందుకోసం పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్, అందుకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు. ఈ అంకెలు గాల్లోంచి వచ్చినవి కావు. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు ఉంటాయి, 20 గ్రాముల పప్పులో 70 దాకా, 5 గ్రాముల నూనెలో 45, కలిపితే 450 దాటుతుంది. ప్రోటీన్ బియ్యంలో ఏడెనిమిది గ్రాములు, పప్పులో నాలుగైదు, అక్కడికి 12. పైన ఒక గుడ్డు పెడితే ఇంకో ఆరు గ్రాములు. కాయితం మీద బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ ఈ లెక్కంతా బిడ్డ కంచం ఖాళీ చేస్తేనే. సగం అన్నం డ్రమ్ములో పారబోస్తే అక్కడే 175 కేలరీలు పోయాయి, దానిమీద కలుపుకున్న పప్పూ పోయింది. రిజిస్టర్లో మాత్రం ఆ బిడ్డ తిన్నట్టే ఉంటుంది. ఎంతమందికి వండారో రాస్తారు, ఎన్ని గుడ్లు వచ్చాయో రాస్తారు, ఫొటోలు తీసి యాప్‌లో పెడతారు. ఎంత పారబోశారో రాసే గడి మాత్రం నేను చూసిన ఏ రిజిస్టర్లోనూ లేదు.

అమ్మ ఈ పనిలోకి వచ్చింది 2003 జనవరిలో. అంతకు ముందు బడిలో వంట లేదు. 1995 ఆగస్టు 15న కేంద్రం ఈ పథకం మొదలుపెట్టినా మాకు వచ్చింది బియ్యమే, 80 శాతం హాజరున్న వాళ్లకు నెలకు 3 కిలోలు. అవి ఇంటికి తెస్తే ఇంట్లో అందరం తినేవాళ్లం, నాకొచ్చిన బియ్యంలో నా వంతు ఎంతో ఎవరికి తెలుసు. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆర్డరు ఇచ్చింది, బియ్యం కాదు, వండి వడ్డించాలి, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రోటీన్ ఉండాలి, ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలి అని. ఆ ఆర్డరు వల్లే మన ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో పొయ్యిలు వెలిగాయి. (బడిలో అన్నం పెట్టాలన్న ఆలోచన అంతకంటే చాలా పాతది. 1920లోనే మద్రాసు థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పిట్టి త్యాగరాయ చెట్టి గారు పిల్లలకు భోజనం పెట్టించారు. మన నెల్లూరు, ఒంగోలు అప్పుడు ఆ మద్రాసు రాష్ట్రంలోనివే. అయినా మా ఊరి బడి దాకా రావడానికి 80 ఏళ్లు దాటింది.)

నేనప్పుడు నాలుగో తరగతి. అమ్మ వాళ్ల డ్వాక్రా సంఘానికి వంట ఏజెన్సీ ఇచ్చారు. వంటగది లేదు, వేపచెట్టు కింద మూడు రాళ్లు పెట్టి మొదలుపెట్టారు, అమ్మా, కాలనీ నుంచి మా పెద్దమ్మ. సొంత పెద్దమ్మ కాదు, ఎస్సీ కాలనీ ఆవిడ, నేను అలాగే పిలుస్తా. మొదట్లో ఊళ్లో కొన్ని ఇళ్ల వాళ్లు ఆవిడ చెయ్యి పడిన అన్నం తినొద్దని పిల్లలకు క్యారేజీలు కట్టి పంపారు. ఒక ఇంటి నుంచి అయితే ఆవిడను గిన్నెలు కడగడానికే పెట్టమని కబురు కూడా వచ్చింది. అమ్మ ఒప్పుకోలేదు. 2004 ఏప్రిల్లో సుప్రీంకోర్టే వంటవాళ్ల నియామకంలో ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది, ఆ సంగతి మా హెచ్ఎం సారు ఊళ్లో నలుగురినీ కూర్చోబెట్టి చెప్పారు. ఆ ఏడు జూన్‌లో బడి తెరిచాక క్యారేజీలు ఒక్కొక్కటే తగ్గాయి. పిల్లలకు పక్కన స్నేహితులు పులిహోర తింటుంటే చల్లారిన క్యారేజీ అన్నం దిగదు కదా. పెద్దమ్మ పులిహోర పోపు వాసన రోడ్డు దాకా వచ్చేది, ఇప్పటికీ ఆ పులిహోర నాకు ఇంకెక్కడా దొరకలేదు.

మాది కనిగిరి, పొదిలి మధ్య ఊరు. ఆ పక్క తెలిసినవాళ్లకు నీళ్ల గురించి చెప్పనక్కర్లేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడు, పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు, పెద్దవాళ్లకు వంగని నడుములు. లీటరు నీళ్లలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు, కానీ తాగే నీళ్ల గురించి మాట్లాడే మనం వండే నీళ్ల గురించి మాట్లాడం. పప్పులోకి, అన్నంలోకి వెళ్లేవీ ఆ నీళ్లే. పైగా ఆ నీళ్లలో పప్పు ఉడకదు. ఇది మా అమ్మకు మొదటి నెలలోనే కుడితి నేర్పిన పాఠం. కందిపప్పు గంటన్నర పొయ్యి మీద ఉన్నా పలుకు పలుకుగానే, నీళ్లు వేరు పప్పు వేరు. చిన్న పిల్లలు పైన నీళ్లు కలుపుకుని, పలుకులు పక్కకు నెట్టి పారబోసేవాళ్లు. డ్రమ్ము అడుగున ఒక దోసెడు కాదు, గంపెడు పప్పు. బిడ్డకు 20 గ్రాముల పప్పు పెట్టామని లెక్కలో రాశారు, ఆ 20 గ్రాములూ గేదె తిన్నది.

అమ్మ ఏం చేసిందంటే, ముందు రోజు సాయంత్రమే పప్పు ఇంటికి తెచ్చి కడిగి పెట్టుకుని, తెల్లారుజామున నానేసి తీసుకెళ్లేది. పప్పుకు మాత్రం ట్యాంకరు నీళ్లు, రెండు బిందెలు నెత్తిన మోసుకుని. కట్టెల ఖర్చు కూడా తగ్గింది. ఇలా చెయ్యమని ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు. ఆ రెండు బిందెల నీళ్లకు ఏ బిల్లులోనూ చోటు లేదు.

గుడ్డు సంగతి ఇంకో రకం. గుడ్డు పెట్టే రోజు హాజరు నిండుగా ఉండేది, అందరూ అనేది నిజమే. కానీ చిన్నపిల్లల్లో చాలామంది తెల్లసొన తిని పచ్చసొన పారేసేవాళ్లు, నీచు వాసనని, గొంతు పట్టేస్తుందని. గుడ్డులో విటమిన్ ఎ, డి, బి12 ఉండేది పచ్చసొనలోనే, ఉన్న కాస్త ఇనుము కూడా అందులోనే. అంటే గుడ్డులో అసలు దమ్మంతా డ్రమ్ములోకి పోతోంది. అమ్మకు విటమిన్ల పేర్లు తెలియవు, కానీ పసుపురంగు ముద్దలు కుడితిలో తేలుతుంటే తట్టుకోలేకపోయేది. అందుకని గుడ్డు కూర రోజు గుడ్డును సగానికి కోసి, పచ్చసొన కొంచెం చిదిమి పులుసులో కలిపేసేది. పులుసు చిక్కబడేది, నీచు తెలిసేది కాదు, పిల్లలు కలుపుకుని తినేసేవాళ్లు. ఉత్త ఉడికిన గుడ్డు ఇచ్చే రోజు మాత్రం తనే వరస పక్కన నిలబడి చిన్నవాళ్ల కంచాల్లో చేత్తో చిదిమి అన్నంలో కలిపి పెట్టేది. తర్వాత వారానికి ఐదు గుడ్లయ్యాయి. అప్పుడు ఈ పని రోజూ అయింది.

ఇక బియ్యం. ఎన్నేళ్లు ముక్కిపోయిన దొడ్డు బియ్యం వండిందో అమ్మ. పురుగులు ఏరి, రెండు మూడు సార్లు గట్టిగా పిసికి కడిగితే గానీ వాసన పోయేది కాదు. తర్వాత పౌష్టిక బియ్యం వచ్చాయి. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు, ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు కిలో బియ్యానికి 10 గ్రాముల లెక్కన కలిపి ఇచ్చారు. ఇది మంచి ఉద్దేశంతో చేసిన పనే. కానీ ఆ గింజలు బియ్యప్పిండితో చేసినవి, కొంచెం తేలిక, కొంచెం రంగు తేడా. నీళ్లు పోస్తే కొన్ని పైకి తేలేవి. మా ఊళ్లో అవి ప్లాస్టిక్ బియ్యం అని ప్రచారం జరిగింది, మా ఊళ్లోనే కాదు జిల్లా అంతా అదే మాట. రేషను బియ్యంలోంచి వాటిని ఏరి పారేసిన ఇళ్లు ఎన్నో. అమ్మ కూడా భయపడి, తేలినవన్నీ వంపేసి, మిగతావి ఎప్పటిలా పిసికి కడిగి వండింది. కొన్ని నెలలు అలాగే జరిగింది. నేను సెలవుకు వెళ్లినప్పుడు డ్రమ్ములో పైన తేలుతున్న ఆ గింజలు చూసి అడిగితే అప్పుడు తెలిసింది. ఏ గింజ కోసం ప్రభుత్వం అంత ఖర్చు పెడుతోందో ఆ గింజే కుడితిలో తేలుతోంది. బస్తా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటే సరిపోదండీ, వండే మనిషి పక్కన కూర్చుని, ఇది ప్లాస్టిక్ కాదమ్మా, ఒకసారి మెల్లగా కడిగితే చాలు అని చెప్పాలి. ఆ రోజు నుంచి అమ్మ గంజి వార్చడం కూడా మానేసింది, అత్తెసరు పెట్టింది. 80 మంది పిల్లలకు, అంటే 8 కిలోల బియ్యానికి ఎసరు కరెక్టుగా కుదరడానికి వారం పట్టింది, రెండు రోజులు అడుగంటింది. ఆ తర్వాత అన్నం పొడిపొడిగా వచ్చింది, వార్చే గంజితో పోయే బలమూ అన్నంలోనే ఉంది.

డబ్బు సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు, నాకు ఎక్కువ కోపం ఉన్నది కూడా ఇక్కడే. వంటవాళ్ల గౌరవ వేతనం 2009లో నెలకు 1,000 రూపాయలు పెట్టారు, ఏడాదికి 10 నెలలకే, కేంద్రం లెక్కలో అది ఇప్పటికీ అంతే. మన రాష్ట్రం 2019లో 3,000 చేసింది. పొద్దున ఎనిమిదింటికి వెళ్లి మూడింటి దాకా పొగలో ఉండే మనిషికి నెలకు 3,000. మిరప కోతకు పోతే పది రోజుల్లో వస్తాయి. కూరగాయలు, పప్పు, నూనె, కట్టెలు లేదా గ్యాసుకు ఇచ్చేది వేరు. 2025 మే నుంచి కేంద్రం లెక్క ప్రైమరీ పిల్లకు రోజుకు 6.78 రూపాయలు (బియ్యం వేరు, గుడ్లు, చిక్కీ రాష్ట్రం వేరుగా ఇస్తుంది). 80 మందికి 542 రూపాయలు. పప్పు 1,600 గ్రాములు కావాలి, కిలో 120 వేసుకున్నా 192. కూరగాయలు 4 కిలోలు, కిలో 40 అనుకుంటే 160. నూనె 400 గ్రాములు, ఒక 60. మిగిలిన 130తో చింతపండు, ఉప్పు, కారం, పోపు, పొయ్యి. టమాటా కిలో 80 అయిన నెలలో ఏం చెయ్యాలి? పప్పులో నీళ్లు పెరుగుతాయి, అంతే.

ఆ డబ్బులు కూడా నెలనెలా వస్తే ఏదోలా సర్దుకోవచ్చు. అమ్మ చేసిన 20 ఏళ్లలో మూడు నెలలు, నాలుగు నెలలు బిల్లు ఆగిన సందర్భాలు నేను వేళ్ల మీద లెక్కపెట్టలేను. ఒకసారి కిరాణా కొట్టాయన ఇంక అప్పు ఇవ్వనన్నాడు, ఆయన్నీ తప్పుపట్టలేం, ఆయనకూ పెళ్లాం పిల్లలున్నారు. అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి పప్పు తెచ్చింది. ఆ కమ్మలు విడిపించడానికి ఏడాది పట్టింది, నాకు పదో తరగతి పరీక్షలప్పుడు అమ్మ చెవుల్లో వేపపుల్లలు ఉండటం నాకు బాగా గుర్తు. అసలు విషయం ఏంటంటే, బిల్లు ఆగిన నెలల్లో కుడితి పెరిగేది. ఇది నేను ఊహించి చెప్పట్లేదు, కళ్లారా చూసింది. అప్పు పుట్టక పప్పు పలచన, కూరలో ముక్కలు తక్కువ, పోపులో నూనె తక్కువ, రుచి పోయింది, పిల్లలు పారబోశారు. వంట చేసే ఆవిడకు డబ్బు ఆలస్యమైతే నష్టపోయేది ఆవిడ ఒక్కతే అనుకుంటారు. పిల్లల రక్తంలో కూడా కనపడుతుంది అది. రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 63 శాతం మందికి, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే ఆ పిల్లలు బడికి వచ్చేటప్పటికే రక్తం తక్కువగా వస్తున్నారు. అలాంటి పిల్లకు దొరికే ఒక్క పూట మంచి భోజనం నాలుగు నెలల బిల్లు మీద ఆధారపడి ఉండటం ఏంటి? నెల మొదట్లోనే అడ్వాన్సుగా ఏజెన్సీ ఖాతాలో వెయ్యడానికి అడ్డేంటో నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

2013 జులైలో బీహార్లో ఛప్రా దగ్గర బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. ఆ పేరు మా పక్క పత్తి, మిరప వేసే ప్రతి ఇంటికీ తెలుసు, మందు డబ్బా కడిగి నీళ్లకు వాడుకునే ఇళ్లు కూడా ఉండేవి. ఆ వార్త విన్న రాత్రి అమ్మ నిద్రపోలేదు. మర్నాటి నుంచి నూనె డబ్బా ఇంట్లోనే తాళం వేసిన పెట్టెలో, రోజూ వాసన చూసి, పోపు వేసిన తర్వాత మొదటి ముద్ద తను తిని, పావుగంట ఆగి అప్పుడు గంట కొట్టమనేది. పిల్లలకు పెట్టేముందు పెద్దవాళ్లు, అందులో ఒక టీచరు, రుచి చూడాలని నిబంధన ఉంది. మా అమ్మ దాన్ని నిబంధన అనుకోలేదు.

ఇంకోటి. కుడితిలో కనపడని ఆకలి ఒకటుంది, పొద్దుటి ఆకలి. పొగాకు కాల్చే బ్యారన్లు మొదలైతే, మిరప కోతలప్పుడు, అమ్మానాన్నలు తెల్లారకముందే ట్రాక్టరు ఎక్కుతారు. పిల్లలు టీ తాగి, దాంట్లో ఒక బన్ను ముంచుకుని తిని బడికి వస్తారు. పదకొండింటికి కళ్లు తిరిగి పడిపోయిన పిల్లల్ని అమ్మ పొయ్యి దగ్గరకు తీసుకొచ్చేవాళ్లు, గంజిలో ఉప్పేసి తాగించేది. 2023 మార్చిలో వారానికి మూడు రోజులు పొద్దున్నే రాగిజావ మొదలైంది. అది అమ్మకు బడిలో చివరి నెల. అమ్మ లెక్కలో ఈ 20 ఏళ్లలో వచ్చిన అన్ని మార్పుల్లోకీ మంచిది ఆ గ్లాసుడు జావే. రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం, ఫ్లోరైడు నీళ్లు తాగే మా పిల్లలకు కాల్షియం ఎంత అవసరమో వేరే చెప్పాలా. బెల్లం వేసి చేస్తే ఒక్క గ్లాసు కూడా డ్రమ్ములోకి పోలేదని చెప్పింది. తడ దాటితే తమిళనాడు, అక్కడ ప్రైమరీ బడుల్లో 2022 నుంచి పొద్దున టిఫిన్ పెడుతున్నారు, ఉప్మా, పొంగలి, కిచిడీ. గంటన్నర ప్రయాణంలో నెల్లూరు పిల్లవాడికీ ఆ పక్క పిల్లవాడికీ అంత తేడా ఎందుకుండాలి? మనకూ కావాలి, రోజూ కావాలి.

టీ గురించి చెప్పా కదా, ల్యాబ్‌కు వచ్చిన ఆవిడకు నేను చెప్పిన నాలుగు ముక్కల్లో అదొకటి. అన్నం తినే ముందూ వెనకా టీ తాగితే తిండిలో ఉన్న ఇనుము ఒంటికి పట్టదు. పప్పు, తోటకూర, మునగాకులో ఉండే ఇనుము మామూలుగానే తక్కువ పడుతుంది, పులుపు తోడైతే ఎక్కువ పడుతుంది. నిమ్మకాయ పిండితే చాలు, అయితే పొయ్యి మీద ఉన్నప్పుడు కాదు, దించాక. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర పిల్లలు జేబులో వేసుకుని దారిలో పారేస్తారు, అది మింగుతున్నారో లేదో చూసుకోమన్నా. నులిపురుగుల మాత్ర ఏడాదికి రెండుసార్లు ఇస్తారు, ఆ రోజు బడి మానిపించొద్దన్నా. మందులు డాక్టరు గారు రాశారు, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షకు రమ్మన్నారు.

నిమ్మకాయ ఆలోచన నాది కాదు, అమ్మదే. మా చిన్నాన్న వాళ్లు పొదలకూరు పక్కన నిమ్మతోట కౌలుకు చేసేవాళ్లు. ఒక ఏడు ధర పడిపోయింది, కోత కూలి కూడా రాని ధర. కాయలు చెట్టు కిందే కుళ్లుతుంటే అమ్మ రెండు బస్తాలు ఎర్ర బస్సులో వేయించుకుని వచ్చింది. నెల రోజులు పప్పు దించాక నిమ్మరసం పిండి పెట్టింది. ఇనుము సంగతి అప్పుడు తనకు తెలియదు, చింతపండు ఖర్చు తగ్గుతుందని చేసింది. కానీ ఆకుకూర పప్పు అంటే ముఖం తిప్పుకునే పిల్లలు మళ్లీ పెట్టించుకున్నారని, డ్రమ్ము సగం కూడా నిండలేదని ఫోన్ చేసి మరీ చెప్పింది. గూడూరు, పొదలకూరు నిమ్మ రైతు ఏడాదిలో కొన్ని నెలలు కాయ రోడ్డు మీద పోసుకుని ఏడుస్తాడు. ఇటు చూస్తే బడి పిల్లలకు రక్తం లేదు. ఆ నెలల్లో రైతు దగ్గర కొని బడులకు పంపడానికి పెద్ద పథకం కూడా అక్కర్లేదు, ఒక ఆటో చాలు.

పోయిన శుక్రవారం సెలవు పెట్టి అమ్మను ఊరికి తీసుకెళ్లా. బడికి వెళ్దామంది. ఇప్పుడు పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, గోదావరి లంకల గన్నవరంలో వచ్చిన వాళ్లందరికీ అన్నం పెట్టిన ఆ తల్లి పేరు గోడ మీద పెద్దగా రాసి ఉంది. వంట ఇప్పుడు మా పెద్దమ్మ కోడలు చేస్తోంది. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తున్నాయి, అన్నం మల్లెపువ్వులా ఉంది. పిల్లలు తిని వెళ్లాక అమ్మ ఎవరినీ అడక్కుండా కుళాయి దగ్గరకు నడిచింది. పాత డ్రమ్ము లేదు, రెండు బకెట్లు ఉన్నాయి, ఒకటి ఖాళీ. రెండోదాంట్లో కర్ర పెట్టి తిప్పింది. అన్నం పెద్దగా లేదు. పచ్చసొన లేదు. తోటకూర కాడలు మాత్రం గుప్పెడు తేలాయి, నమిలి ఉమ్మేసినవి.

"ముదురు కాడ అట్టాగే వేసినట్టున్నావే అమ్మాయ్," అంది అమ్మ.

"టైము సరిపోలా అత్తా, ఇంకో మనిషి రాలేదియ్యాల. ఒక్కదాన్నే."

"బిల్లు వచ్చిందా?"

"రెణ్ణెల్లది రావాల."

అమ్మ ఏమీ అనలేదు. పైట చెంగు నడుముకు చుట్టుకుని, కత్తిపీట ముందేసుకుని కూర్చుని, మిగిలిన తోటకూర కట్టల్లోంచి రేపటికి పనికొచ్చే లేత కాడలు ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. మేము ఎక్కాల్సిన నాలుగింటి బస్సు వెళ్లిపోయింది, ఐదున్నర బస్సుకు వచ్చాం.